బంగళా ఎదురింటి శౌరయ్య

హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి వెళ్లే కాలవ రోడ్డు మీద ఒక పాత జమీందారీ బంగళా ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఇవతల, శౌరయ్యది రెండు గదుల శ్లాబు ఇల్లు. జంక్షన్లో లారీ టైర్ల షాపులో వయసంతా పనిచేసి, మోకాళ్లు అరిగాక ఇంటిపట్టున ఉంటున్నాడు. భార్య అమలమ్మ రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోసేది. కూతురు జెస్సికా విజయవాడలో నర్సు.

బంగళా వారసులు ఎప్పుడో దాన్ని గాలికొదిలేశారు. పెంకులు జారిపోయి, మేడ మీద జిల్లేళ్లు మొలిచి, పాములు తిరుగుతుండేవి. అందుకే, పటమటలో ఆఫీసున్న ఒక కంపెనీ దాన్ని కొని బాగు చేయిస్తోందని తెలిసినప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించింది శౌరయ్యే. పాత మేడలు కొనడం, వాటి అందం చెడకుండా బాగుచేసి పెళ్లిళ్లకీ డబ్బున్నవాళ్ల విడిదికీ ఇవ్వడం ఆ కంపెనీ వ్యాపారం. ఏడాది పైన గానుగ సున్నం, టేకు దూలాలు, రంగుటద్దాలు దిగుతూనే ఉన్నాయి. శౌరయ్య పొద్దున్నే కుర్చీ వేసుకుని ఆ పని చూస్తూ కూర్చునేవాడు. మొదటిసారి దీపాలు వేసిన సాయంత్రం భార్యని కేకేసి చూపించాడు. "మన ఎదురుగా ఇంత ఇల్లుందని ఇన్నాళ్లూ తెలీలేదే!" అన్నాడు.

బంగళా బాధ్యతలు చూసే అమ్మాయి రుచిత. మర్యాద తెలిసిన పిల్ల. ఒకరోజు వచ్చి, "బాబాయిగారూ, మీ ముందుగోడకి మా ఖర్చుతోనే రంగు వేయిస్తామండీ. ఫొటోల్లో బంగళాతో కలిసిపోవాలి," అంది. అమలమ్మ ముచ్చటపడి వేయించుకున్న గులాబీ రంగు పోయి, గోడ వెలిసిన చందనం రంగులోకి మారింది. ఊరికే వేస్తామంటున్నవాళ్లని వద్దనడానికి శౌరయ్యకి కారణం దొరకలేదు.

తర్వాత గేదెల వంతు. "పిన్నిగారూ, గెస్టులు పేడ వాసన అంటున్నారండీ. కొంచెం వెనక్కి కట్టుకోరూ?" అంది అమలమ్మతో. వెనక స్థలమేముంది, పొలాల మురుగునీరు పోయే డ్రెయిను గట్టు తప్ప. అక్కడే కట్టింది. వానలకి ఒక గేదె గిట్టలు చీము పట్టాక రెండిటినీ అమ్మేసింది.

"నువ్వు గట్టిగా చెప్పొచ్చుగా," అంది మొగుడితో.

"ఏమని చెప్పను? ఆ పిల్ల అరిచిందా, తిట్టిందా? అంత మంచిగా అడుగుతుంటే!" అన్నాడు శౌరయ్య.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం అమలమ్మ బట్టలుతుకుతూ గుండె పట్టుకుని కూలిపోయింది. జెస్సికా వచ్చేసరికే ప్రాణం పోయింది. మర్నాడు పదిగంటలకి వచ్చి సమాధి చేయిస్తానని చర్చి ఫాదర్‌గారు కబురు పంపారు. ఇంటిముందు షామియానా గుంజలు దింపుతుండగా రుచిత పరుగున వచ్చింది. అమలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని నిజంగానే ఏడ్చింది. చాలాసేపటికి లేచి శౌరయ్యని పక్కకి పిలిచింది.

"ఎలా అడగాలో తెలీడం లేదు బాబాయిగారూ. రేపు బంగళాలో పెళ్లి. పదిగంటలకే మగపెళ్లివారు గేటు దగ్గర దిగుతారు. సరిగ్గా ఎదురుగా..."

"చెప్పమ్మా."

"షామియానా వెనకవైపు వేసుకుంటారా? పిన్నిగారిని డ్రెయిను గట్టు మీదుగా తీసుకెళ్తే... పెళ్లివాళ్లు గొడవ చేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారండీ."

జెస్సికా ఆ మాట వింది. "రోడ్డు మీ కంపెనీదా? మా అమ్మ మా ఇంటి ముందు నుంచి వెళ్లడానికి మీ పర్మిషన్ కావాలా?"

రుచిత తలెత్తలేదు. జోడించిన చేతులు దించలేదు. శౌరయ్యకి ఒళ్లు మండింది. కుదరదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల చెంపల మీద నీళ్లు ఇంకా ఆరలేదు. "సర్లేమ్మా," అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత కూతురు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయాడు.

మర్నాడు గట్టంతా బురద. మోసేవాళ్లలో ఇద్దరు జారారు. శవపెట్టె ఒక పక్కకి ఒరిగి, అమలమ్మ తల చెక్కకి తగిలిన చప్పుడు శౌరయ్యకి వినబడింది. అవతల సన్నాయి అందుకున్నారు. వెనక వస్తున్న ఆడవాళ్ల కీర్తన అందులో కలిసిపోయింది. ఫాదర్‌గారు అంగీ ఎత్తి పట్టుకుని బురదలోనే సమాధుల తోట దాకా నడిచారు. జెస్సికా తండ్రి పక్కన నడవలేదు.

మధ్యాహ్నం బంగళా నుంచి పెద్ద క్యారేజీల్లో భోజనాలొచ్చాయి. దూరం నుంచి వచ్చిన చుట్టాలు తిన్నారు. శౌరయ్య వద్దనలేదు, తనూ తినలేదు.

అమలమ్మ పోయి నెలయినప్పుడు చేయించిన పూజకి షామియానా ఇంటిముందే, రోడ్డు వారనే వేయించాడు. ఈసారి ఎవరొచ్చి బతిమాలినా ఒప్పుకోకూడదని ముందురోజు నుంచే మాటలు కూర్చుకున్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పాలి. పూజ అయింది. భోజనాలూ అయ్యాయి. బంగళా గేటు తెరుచుకోలేదు. ఆఖరికి తనే రోడ్డు దాటి వాచ్‌మన్‌ని అడిగాడు.

"రుచిత మేడమా? ఆవిణ్ని వేరే ఊరు పంపేశారండీ. అక్కడ ఇంకో పాత మేడ కొన్నారంట. ఈ వారం ఇక్కడ బుకింగులు కూడా లేవు. ఏమైనా చెప్పమంటారా?"

"ఏం లేదు," అన్నాడు శౌరయ్య.

వెనక్కి వచ్చేసరికి జెస్సికా అద్దెకి తెచ్చిన కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తోంది.

"ఎక్కడికెళ్లావు నాన్నా?"

శౌరయ్య వంగి కుర్చీలు అందివ్వసాగాడు.