వాసన లేని గ్యాసు

సంతబొమ్మాళి దగ్గర చేపల ఐస్ ఫ్యాక్టరీలో కూర్మయ్య ముప్పై ఏళ్లుగా మెషీన్ ఆపరేటరు. నీళ్లను ఐసు చేసే మెషీన్‌లోని అమ్మోనియా ఎక్కడ కారినా ముక్కుతోనే పట్టేసేవాడు. ఆ గ్యాసంటే అతనికి పగ. ఐదేళ్ల కిందట పైపు పగిలి, అక్కడే ఐసు మోస్తున్న అతని భార్య కాసులమ్మ ఎడమ కన్ను పోయింది. పగ ఉండదా మరి?

అందుకే యజమాని తారకేశ్వరరావు కార్బన్ డయాక్సైడ్‌తో నడిచే మెషీన్ పెడదామా అని అడిగేసరికి కూర్మయ్యకు ప్రాణం లేచొచ్చింది. మండదు, కళ్లు కాల్చదు, గాలికీ పెద్దగా చేటు చెయ్యదు అని గొంతెత్తి చెప్పాడు. ఒత్తిడి చాలా ఎక్కువనీ, మన ఎండలకు కరెంటు ఎక్కువ లాగుతుందనీ దాచకుండా చెప్పాడు. ఒక్క దగ్గర మాత్రం నోరు తడబడింది. అది కారితే వాసన రాదు, నేలబారున పేరుకుని మనిషికి ఊపిరాడనివ్వదు, కింద గ్యాసును పసిగట్టే అలారం లేకుండా నడపకూడదు. అంత చెబితే ఈ మహానుభావుడు జడిసి మళ్లీ అమ్మోనియాకే పోతాడేమో! తర్వాత ఒక అలారం పెట్టించుకోవాలండి అని నసిగి ఊరుకున్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. ఇతనూ మళ్లీ అడగలేదు.

కొత్త మెషీన్ వచ్చాక పైపులుండే దిగుడు గదిలో ఘాటు పోయింది. ఒకప్పుడు ముక్కు మూసుకుని పరుగెత్తిన చోటే, చల్లగా ఉందని జనం క్యారేజీలు విప్పుకోసాగారు. కూర్మయ్య తిట్టాడు, తరిమాడు. వాసనేదీ అని నవ్వారు. అక్కడే పనిచేసే కాసులమ్మ తమ్ముడు బైరాగి అందరికంటే ఎక్కువ నవ్వాడు.

మొన్న మే నెల మధ్యాహ్నం వాల్వు కారింది. బైరాగి ఒక్కడే కింద కూర్చుని అన్నం తింటున్నాడు. ఫ్యాన్లు పెట్టి గ్యాసు తోలి, పైకి తెచ్చేసరికే ప్రాణం పోయింది.

ఇలా జరుగుతుందని తనకెవరూ చెప్పలేదని తారకేశ్వరరావు పోలీసులతో అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదని కూర్మయ్యకు తెలుసు.

దినం అయ్యాక కాసులమ్మ అడిగింది.

"ఇది మడిసిని సంపేత్తాదని నీకు ముందే తెలుసా మావా?"

"తెలుసు."

"మరెందుకు గట్టిగా సెప్పలేదు?"

నీకోసమే అందామనుకున్నాడు. అంటే తమ్ముడి చావును తీసుకెళ్లి ఆవిడ నెత్తినే పెట్టినట్టవుతుంది.

"బయ్యమేసింది," అన్నాడు.

ఆ రోజు నుంచి కాసులమ్మ అతనికి వేళకు అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.