పళ్ళెం స్టీరింగు

మొన్న మా ఆయన లైసెన్సు గడువు తీరితే పని ఫోన్‌లోనే అయిపోయింది. ఏవో నాలుగు మీటలు నొక్కాడు, టీ చల్లారేలోపు కొత్త తేదీ కనబడింది. "అంతేనా?" అన్నాను. "అంతే మే. ఇంగేం గావల్ల నీకు?" అన్నాడు. పని సులువైనందుకు అల్హందులిల్లాహ్ అనుకున్నాను. మనసు మాత్రం మురూర్ ఆఫీసు దగ్గరికే పోయింది. ఇక్కడ కువైట్‌లో ట్రాఫిక్ శాఖను అందరూ మురూర్ అంటారు.

మాది రాయచోటి వైపు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో నేను వంట చేస్తాను. ఇంటావిడను మామా అని పిలుస్తాను. నేను వచ్చిన ఆరేళ్ళకు ఆ ఇంటి డ్రైవర్ పని మానుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన లారీ డ్రైవర్ అనీ, ఆయన్ను పిలిపించమనీ మామాను అడిగాను. ఆరేళ్ళలో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆమె తన భర్తకు చెప్పి వీసా తీయించింది. గేటు పక్క గది మా ఇద్దరికీ ఇచ్చింది. అల్లా ఆ ఇంటిని చల్లగా చూడాలి.

వచ్చాడు సరే, ఊళ్ళో ఎన్నేళ్ళు లారీ తోలినా ఇక్కడ మళ్ళీ పరీక్ష రాయాల్సిందే. ముందు కళ్ళు చూస్తారు. తర్వాత రోడ్డు గుర్తుల పరీక్ష. ఆఖరున పోలీసాయన పక్కన కూర్చుని బండి నడిపిస్తాడు.

గుర్తులు నేనే నేర్పాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా అవ్వ వంటింటి గచ్చు మీద బొగ్గుతో తెలుగు అక్షరాలు దిద్దించింది, ఖురాన్ చదవడానికి అరబీ కూడా నేర్పింది. ఆ అరబీతోనే ట్రాఫిక్ పుస్తకంలో మాటలు కూడబలుక్కుని, అర్థం మామాను అడిగి, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఆయనకు చెప్పేదాన్ని. అది సులువుగానే దాటాడు.

బండి పరీక్షలో మాత్రం రెండుసార్లు తప్పాడు. మొదటిసారి ఎడమకు తిరగమంటే తిరిగి, మన ఊళ్ళో అలవాటు కొద్దీ ఎడమ పక్కకే చేరాడు. ఇక్కడ అది ఎదురుబండ్ల దారి. రెండోసారి అన్నీ బాగా చేశాడు, కానీ ప్రతి మలుపుకూ ముందు హారన్ కొట్టాడు. గువ్వలచెరువు ఘాట్‌లో పదహారేళ్ళు లారీ ఎక్కించి దించిన మనిషి. అక్కడ మలుపు మలుపుకూ కొట్టకపోతే ప్రాణం మీదికి వస్తుంది. 'నేను వస్తున్నా, చూసుకో' అని ఎదుటివాడికి చెప్పే మర్యాద అది. ఇక్కడేమో మనిషిని నిలబెట్టి తిట్టినట్టు. పోలీసాయన కాగితం మీద గీత కొట్టి దిగిపోయాడట.

మామా భర్త నన్ను పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "మూడోసారి కూడా తప్పితే ఖలాస్. టికెట్ తీసి పంపిస్తాను, వేరే డ్రైవర్ వస్తాడు." ఆయన్ను తప్పు పట్టలేను. అన్నాళ్ళుగా ఆయనే ఆఫీసు పని ఆపుకుని పిల్లలను బడికి దింపుతున్నాడు. నా బాధ వేరు. పెళ్ళయిన తర్వాత మేమిద్దరం వరసగా మూడు నెలలు ఒకచోట ఉండటం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో మా ఆయన్ను పీట మీద కూర్చోబెట్టాను. మజ్బూస్ అనే మాంసం అన్నం వడ్డించే పెద్ద గుండ్రటి పళ్ళెం చేతికిచ్చి, దాని నడుమ తడి పిండిముద్ద అతికించాను.

"ఏందిమే ఇది?"

"స్టీరింగు. నడాన ఉండేది హారను. నేను పోలీసును. తిప్పు."

"పోలీసుకు ఉల్లిగడ్డల వాసనొస్తాంది."

"ఎగతాళి చాలు గానీ కుడికి తిరుగు."

పళ్ళెం తిప్పాడు. అరచెయ్యి దానంతటదే నడుమకు పోయింది, నిండా పిండి అంటుకుంది.

"మళ్ళా కొట్నావు."

"నేను కొట్టల్యా మే. చెయ్యే పోయింది."

"ఆ చెయ్యే నిన్ను రాయచోటికి పంపిచ్చాది సూడు."

ఆ మాటకు ఆయన నవ్వలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పిండి గిల్లుకుంటూ కూర్చున్నాడు. "హారన్ కొట్టకుండా పోయి లోయలో పన్యోళ్ళను కండ్లారా సూసినా. ఎట్లా మానుకునేది చెప్పు?"

నాకు తోచింది చెప్పాను. "ఆడ కాపాడినోడే ఈడా ఉండాడు. చెయ్యి అట్లా పోయేటప్పుడంతా బిస్మిల్లా అనుకో. నోటికి పని పెడితే చెయ్యి ఊరకుంటాది."

అప్పుడే మామా లోపలికి వచ్చింది. పళ్ళేన్ని, పిండి చేతిని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరు షుర్తీ?" అంది. షుర్తీ అంటే పోలీసు. మా ఆయన నన్ను చూపించాడు. "నువ్వు పనికిరావు, మెత్తన" అని కుర్చీ లాక్కుని తనే కూర్చుంది. "యల్లా! ఎడమకు! ఆగు! వెనక్కి!" అంటూ అరగంట నడిపించింది. ఆ వారమంతా రోజూ అలా సాగింది. నాలుగో రోజుకు చేతికి పిండి అంటడం తగ్గింది.

పరీక్ష రోజున మామాయే మమ్మల్ని తన బండిలో తీసుకెళ్ళింది. "డ్రైవర్‌ను వెనక కూర్చోబెట్టి తిప్పే మామా కువైట్ మొత్తంలో నేనొక్కదాన్నే" అంది. ఆయన సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మురూర్‌లో ఆడవాళ్ళ వరస వేరే ఉండేది. మామా వెంట ఉండటంతో కాగితాల మీద ముద్రలు తొందరగానే పడ్డాయి. నేనూ మామా రేకుల నీడలో బల్ల మీద కూర్చున్నాం. మైదానంలో మా ఆయన కర్రల మధ్య బండిని వెనక్కి పెట్టాడు, మెరక ఎక్కించి ఆపాడు. తర్వాత పోలీసాయనతో గేటు దాటి రోడ్డెక్కాడు. అక్కడినుంచి నాకు కనబడలేదు. కళ్ళు మూసుకుని ఖురాన్‌లోని యాసీన్ సూరా చదవడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా గోడ అవతల హారన్ మోగింది, ఒక్కటే, గట్టిగా. చదువుతున్న ఆయత్ నోట్లోనే ఆగిపోయింది. మామా నా చెయ్యి పట్టుకుంది.

బండి లోపలికి వచ్చింది. కాగితం పట్టుకుని నడిచి వస్తున్న ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. దగ్గరికొచ్చి, "ఫోటో తీచ్చారంట. తల దువ్వుకునేకి దువ్వెనుందా?" అన్నాడు.

"ఆ హారన్?"

"ఎనకాలోనిది మే. నేను నిదానంగా పోతాంటే తిట్నాడు."

పోలీసాయన ఒకసారి బండి ఆపించి, ఎవరితో గొణుగుతున్నావని అడిగాడట. బిస్మిల్లా అంటున్నానని చెబితే, "చాలామంది పక్కన కూర్చున్నప్పుడు ఆ మాట నేనే అనుకోవాల్సి వస్తుంది" అని నవ్వి సంతకం పెట్టాడట. మామా అది విని అక్కడే పగలబడి నవ్వింది.

కార్డు చేతికొచ్చాక ఆమె బండి తాళాలు ఆయనకిచ్చి, వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ఆయనే మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించి నేను గదిలోకి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. మూడు నెలలుగా, ఎప్పుడు పొమ్మంటారో అని, బట్టలు పెట్టెలోంచి తీయనే లేదు. అవసరమైన చొక్కా ఒకటి లాక్కోవడం, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టడం. ఇప్పుడు ఒక్కొక్కటే తీసి మడతపెట్టి, బీరువాలో నా బట్టల పక్కన పెడుతున్నాడు.

"ఈ అర ఖాళీ చెయ్యి మే," అన్నాడు నన్ను చూసి. "నాకు చాలల్యా."