ముడుచుకుపోయే చదరాలు

ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని నాది. పొద్దున బస్సు దిగింది మొదలు మధ్యాహ్నం మళ్ళీ బస్సెక్కేదాకా కూర్చునే వీలుండదు. పోయిన ఏడాది మోకాళ్ళు వాచాయి. దవాఖానలో డాక్టరమ్మ, నిలబడే పని మానుకోమంది. మానుకుంటే ఇల్లెలా గడుస్తుందో ఆమె చెప్పలేదు.

పక్కింట్లో ఉండే ముస్లిం ఆవిడను వాడంతా ఆపా అంటాం. ఆ రోజుల్లోనే ఆమె ఒక కబురు తెచ్చింది. శంషాబాద్‌లో మా బస్తీలోనే ఒక టీచరమ్మ ఊలు దారంతో అల్లిక నేర్పుతోందట. కుట్లు బాగా వచ్చినవాళ్ళకు దుప్పట్లు అల్లే పని ఇంటికే ఇస్తుందట.

"కూసుండి చేసే పని అక్కా. నీ మోకాళ్ళకు ఇంతకన్న ఏంగావాలె?" అంది.

టీచరమ్మ నేర్పేది ట్యునీషియన్ క్రోషియా. మామూలు క్రోషియా సూది కంటే దీని సూది బాగా పొడవు. కుడి నుంచి ఎడమకు పోతూ లూపులన్నీ సూది మీదికి ఎక్కించాలి. తిరిగి వస్తూ ఒక్కొక్కటే దించాలి. మధ్యలో అల్లికను తిప్పకూడదు. ఒక్కో రకం కుట్టుకు అరచేతి కంటే కొంచెం పెద్ద చదరం అల్లి చూపించాలి. అలాంటి చదరాలు కలిపితేనే దుప్పటి. టీచరమ్మ నమూనాలకు కుట్టు పేరు రాసిన చీటీలు గుచ్చి ఉండేవి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుంటూ వాటిని నేనే చదువుకునేదాన్ని.

నా మొదటి చదరం బల్ల మీద పెడితే నాలుగు మూలలూ పైకి లేచి గిన్నెలా అయింది.

"ఇదేంది అక్కా, ఉప్పు పోసుకుంటవా ఇందుల?" అని ఆపా నవ్వింది.

టీచరమ్మ నవ్వలేదు. "ఈ కుట్టు కొంచెం ముడుచుకుంటుందండీ. మీ చేయి బిగుతు కాబట్టి మరీ ఎక్కువైంది. దారం వదులుగా పట్టుకోండి."

వదులుగానే పట్టుకుంటున్నాననుకునేదాన్ని. కానీ రోజంతా తుడుపు గుడ్డలు పిండిన చేయి అది. నేల మీద తడి మిగిలితే ఎవరైనా జారిపడతారని, చుక్క లేకుండా పిండటం అలవాటు. లూపు లాగగానే వేళ్ళు వాటంతట అవే బిగుసుకునేవి. అక్షరాలు దిద్దే రోజుల్లోనూ అంతే, పెన్సిలు మొన విరిగేది. టీచరమ్మ లావు సూది ఇచ్చి చూసింది. అయినా అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. విప్పీ విప్పీ ఊలు నూగు లేచిపోయింది. ఆపాకు మాత్రం పని దొరికింది. ఆమె గుమ్మంలో కూర్చుని అల్లుతుంటే, నేను బస్సు దిగి కుంటుకుంటూ ఆమె ముందు నుంచే ఇంటికి పోయేదాన్ని.

ఒకసారి మోకాలు బాగా వాచి డ్యూటీకి పోలేకపోయాను. మొదటి రోజంతా పడుకునే ఉన్నాను. మర్నాడు ఊసుపోక సూది పట్టాను. సాయంత్రానికి పూర్తయిన చదరాన్ని నేల మీద పెడితే, ఒక అంచు కాస్త లేచిందంతే. మిగతాదంతా రొట్టెలా పరుచుకుంది.

దాన్ని తీసుకుపోయి టీచరమ్మకు చూపించాను. ఆమె అరచేత్తో నిమిరి, "ఇదేనండీ నాకు కావలసింది. ఈ చేత్తోనే చేయండి, దుప్పటి పని ఇస్తాను" అంది.

అది డ్యూటీకి పోని చేయి. ఈ పని దొరికితే డ్యూటీ మానుదామనుకున్నాను. డ్యూటీ మానితే తప్ప ఈ పని నా చేతికి రాదు.

"వారంల ఒక్కటే సెలవు అమ్మా నాకు. ఆ దినమే అల్లుత. గట్లయితే ఇస్తవా?" అన్నాను.

"వారానికొక చదరమా? దుప్పటి ఎప్పటికి పూర్తవుతుందండీ?"

తన చదరాలు ఇచ్చిపోవడానికి వచ్చిన ఆపా మధ్యలో అందుకుంది. "చలికాలం ఏడికి పోతది మేడమ్? ఈసారి కాకుంటె ఇంకోసారి వస్తది. ఇయ్యండి."

టీచరమ్మ ఒక్క ఊలు ఉండ నా చేతిలో పెట్టింది. ఒక్కరోజు సెలవుకు నా చేయి వదులవుతుందో లేదో నాకే తెలియదు. తెల్లవారితే మళ్ళీ బస్సుకు నిలబడాలి. ఇంటికొచ్చి ఉండను బియ్యం డబ్బా మీద పెట్టి, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను.