జగన్నాధం తొట్టెకు పట్టిన నైట్రేటు

నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై రెండేళ్ళు ఫిట్టరుగా చేసిన జగన్నాధం, రిటైరైన ఏడాదికి ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాడు. విశాఖపట్నంలో ఆ ఆసుపత్రి హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఒకటి ఉంది. కట్టు విప్పాక ఆ కంటితో అతను మొదట తేరిపార చూసింది అందులో తిరుగుతున్న నారింజరంగు చేపని. దాని ఒంటి మీద తెల్లపట్టీలు మూడని లెక్కపెట్టి మరీ మురిసిపోయాడు. "లెగు మావా, బస్సు ఎల్పోద్ది" అని భార్య లక్ష్మీనరసమ్మ మూడుసార్లు పిలిచినా కదల్లేదు.

ఆర్నెల్లు తిరక్కుండా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టె వెలిసింది. ఇనప స్టాండు, లైటు చట్రం, పైపులు, నీళ్ళు వడగట్టడానికి అడుగున ఇంకో చిన్న తొట్టె, అన్నీ తన చేత్తోనే బిగించుకున్నాడు. విశాఖలో ఇదే పిచ్చి ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి, తన ఇంట్లో పెంచిన మెత్తటి పగడపు పిలకలు రెండు ఇచ్చాడు. చూడ్డానికి మొక్కల్లా ఉంటాయి గానీ అవి ప్రాణులు. సన్నటి వేళ్ళు చాపి నీటి వాలుకు ఊగుతుంటాయి. వాటికి తోడు నారింజ చేపలు రెండు, నీలం చేపలు రెండు.

నీళ్ళు తెచ్చిపెట్టేది మరిడమ్మ. ఆమెది భోగాపురం అవతల సముద్రపు ఒడ్డునున్న పల్లె. వారానికి మూడు రోజులు చేపల గంపతో ఆటోలో నెల్లిమర్ల వస్తుంది. ఆమె మరిది బోటు మీద లోపలికి వెళ్ళినప్పుడు ముంచుకొచ్చిన తేట నీళ్ళు డబ్బాల్లో పట్టుకొచ్చేది.

"సేపలు కొనీవోల్ని సూసినాను గానీ, సముద్రాన్ని ఇంటికి తెప్పించుకునీవోడ్ని నిన్నే సూసినాను అన్నయ్యా" అని నవ్వేది.

దసరా వెళ్ళాక పగడాలు ముడుచుకుపోయాయి. వేళ్ళు లోపలికి లాక్కుని పిడికిళ్ళలా బిగుసుకున్నాయి. గాజుకి గోధుమరంగు జిగురు పట్టింది. బ్యాంకాయనకి ఫోన్ చేస్తే నైట్రేటు చూడమన్నాడు. చేపలు విసర్జించింది, తినగా మిగిలిన మేత కుళ్ళి, చివరికి నీళ్ళలో నైట్రేటుగా పేరుకుంటుందట. చేపలు కొంతవరకు ఓర్చుకుంటాయి, పగడాలు ఓర్చుకోలేవట.

జగన్నాధం పరీక్ష పెట్టె తెప్పించి, గాజు గొట్టంలో తొట్టె నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాడు. పసుపు రంగు వస్తే మేలు. వచ్చింది కుంకుమ కలిపినట్టు ఎరుపు. పెట్టెలో వచ్చిన రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తే ఎనభై. పది లోపు ఉండాలి.

ఇక నడుం కట్టాడు. మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోస్తే యాభైకి దిగింది. వారం తిరిగేసరికి మళ్ళీ ఎనభై. వడపోత స్పాంజీ మూడు రోజులకోసారి ఉతికాడు. ఇసుకలో దిగిన మురికిని గొట్టంతో లాగేశాడు. రాళ్ళ వెనక నత్త ఏదైనా చచ్చి పడుందేమోనని టార్చి వేసి వెతికాడు. మేత రోజుకొక చిటికెడు చేశాడు. ఎంత చేసినా అంకె దిగడం, మళ్ళీ ఎక్కడం.

మిల్లులో మగ్గం మొరాయించినప్పుడు అతను వెంటనే స్పానరు పట్టేవాడు కాదు. పక్కన స్టూలు వేసుకుని అది నడుస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. "దాని జబ్బేటో అదే సెప్తాది" అనేవాడు. ఒక బుధవారం పొద్దున్నే తొట్టె ముందు కుర్చీ వేశాడు.

లక్ష్మీనరసమ్మ రెండుసార్లు వచ్చి తొంగి చూసింది. "టీ కొట్టుకి ఎల్లవేటి మావా?"

"ఎల్లను."

"పోనీ లైబ్రరీకి?"

"ఎల్లనని సెప్తన్నాను గదేటే!"

సరిగ్గా పదకొండు గంటలకు, ఎటో తిరుగుతున్న నాలుగు చేపలూ కుడి మూలకి చేరాయి. గాజుకి మూతులు ఆనించి, వంటింటి గుమ్మం వైపు తిరిగి తోకలాడించసాగాయి. జగన్నాధం కూడా అటు తిరిగాడు. గుమ్మంలో లక్ష్మీనరసమ్మ, ఆమె చేతిలో చిన్న గిన్నె, గిన్నెలో ఉడికించి మెత్తగా మెదిపిన రొయ్యలు.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాడు.

"దసరా కాడ నుంచి." ఆమె గిన్నెను కొంగు చాటుకు తీసుకుంది. "నువ్వేసిన సిటికెడు ఏ మూలకి సరిపోద్ది? అవి నాకేసే సూస్తాయి మావా. అలా సూస్తంటే నాకు ముద్ద దిగుద్దేటి?"

"రోజుకోసారా?"

"నువ్వు టీకెల్తే ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆదివారం గుడ్డుసొన కూడా."

"గుడ్డుసొనా!"

అప్పుడే నీళ్ళ డబ్బాలతో వీధి గుమ్మం ఎక్కిన మరిడమ్మ, సంగతి విని డబ్బాలు దింపి నవ్వలేక కూలబడింది. జగన్నాధం కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. ఈ తొట్టె అంటే భార్యకు గిట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తన చాటున ఆమె కూడా ఆ చేపలతో స్నేహం చేస్తోందని తెలిసేసరికి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా తనూ నవ్వాడు.

నవ్వులయ్యాక మరిడమ్మ ఒక మాట చెప్పింది. "మా పల్లెలో సేపలు కడిగిన నీల్లు పోయే కాడ పచ్చనాచు ఒత్తుగా పెరుగుతాది. ఆ మురికే దానికి మేత. ఇందులో కూడా కాస్త నాచు పెట్టి సూడరాదేటి?"

బ్యాంకాయన్ని అడిగితే భేషైన ఆలోచన అన్నాడు. మరిడమ్మ శుక్రవారం రాతికి అంటుకున్న నాచు గుప్పెడు తెచ్చింది. జగన్నాధం పురుగూ పుట్రా లేకుండా కడిగి, అడుగు తొట్టెలో పెట్టి పైన బల్బు బిగించాడు. చేపల మేత లక్ష్మీనరసమ్మ చేతికే ఇచ్చేశాడు. రోజుకొక పూట, ఒక్క చిటికెడు. ఆమె గడియారం చూసి మరీ వేసేది.

నాచు జడలు కట్టింది. వారానికోసారి గుప్పెడు తీసి పారేస్తే, అది పీల్చుకున్న మురికి కూడా దానితో పాటే పోయేది. శనివారాలు పరీక్షకి ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఆమె చుక్కలు వేస్తే అతను గొట్టం కుదిపేవాడు. యాభై, ముప్పై, ఇరవై. ఒక వారం కదలకుండా ఇరవై దగ్గరే ఆగిపోతే ఇద్దరికీ అన్నం సయించలేదు. శివరాత్రి ముందు శనివారం గొట్టం లేత పసుపు రంగులో నిలిచింది. లక్ష్మీనరసమ్మ దాన్ని చేత్తో పట్టుకుని వీధి వెలుతురులోకి పరిగెత్తింది.

తర్వాత నాలుగు రోజులకి పగడాలు విచ్చుకున్నాయి. ముందు ఒక వేలు, తర్వాత పది, మధ్యాహ్నానికి పిలక మొత్తం గులాబీ రంగులో ఊగుతోంది. ఆ రోజు గంపతో వచ్చిన మరిడమ్మ తొట్టె ముందు నేల మీద కూర్చుని చాలాసేపు చేపల వెంటే చూపు తిప్పింది.

"నలబయ్యేల్లుగా సేపల్ని సచ్చినాకే సూసినాను అన్నయ్యా" అంది చివరికి. "లోపల బతికున్నప్పుడు ఇలాగ ఆడుకుంటాయని నాకు తెల్దు."

ఆ ఆదివారం ఆమె పల్లె నుంచి అయిదుగురు ఆడవాళ్ళని ఆటోలో వేసుకొచ్చింది. అందరూ ముందుగదిలో చాప మీద చేరి, ఏ చేప మొగుడు, ఏది పెళ్ళాం అని వాదులాడుకున్నారు. నారింజ చేపల్లో పెద్దదే ఆడదని జగన్నాధం చెబితే ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. సాయంత్రం రెండు ఆటోలు వెళ్ళిపోయినా ఎవరూ లేవలేదు. లక్ష్మీనరసమ్మ వాళ్ళ మధ్య కూర్చుని నైట్రేటు కథ మొదటినుంచీ చెబుతుంటే, జగన్నాధం వంటింట్లో ఎనిమిది గ్లాసుల టీ కాస్తున్నాడు.