ఇప్పచెట్టు కింద తీసుకున్న కూలి

కళాశాల చర్చా పోటీల్లో స్వేచ్ఛా విపణి పక్షాన నిలబడడం నాకు అలవాటు. చట్టం రాసి ఇచ్చినదే హక్కు, పత్రం లేనిది ఆస్తే కాదు అన్న మాట మీద నా వాదన అంతా నడిచేది. ఆ మాటను నా చేత మానిపించిన ఒక అవ్వకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

అటవీ ఉత్పత్తులను నచ్చినవారికి అమ్ముకునే స్వేచ్ఛ ఉండాలా అన్నది ఆ వేసవి పోటీ అంశం. కళ్లారా చూసి మాట్లాడదామని, సత్తుపల్లి దగ్గరి మా ఊరి నుంచి భద్రాచలం వైపు అడవిలో ఉన్న స్నేహితురాలి గూడేనికి వెళ్లాను. మర్నాడు చీకటితోనే వాళ్లింట్లో అందరూ ఇప్పపువ్వు ఏరడానికి బయలుదేరారు. నేను ఆలస్యంగా లేచి, బుట్ట పట్టుకుని వెనకే నడిచాను. దారిలో ఒక పెద్ద ఇప్పచెట్టు కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. పువ్వు తడితడిగా రాలి ఉంది. ఎవరూ లేరు. స్నేహితురాలి ఇంటివాళ్లకు సాయం చేస్తున్నాననుకుని బుట్ట నింపేశాను.

అంతలో ఒక అవ్వ వచ్చింది.

"ఎవరేరమన్నరు బిడ్డా?"

"ఎవరూ అనలేదవ్వా. అడవే కదా అని..."

"అవ్, అడవే. మరి కిందంత ఊడ్చిందెవరు? నక్కొచ్చి ఊడ్చిందా?"

స్నేహితురాలు పరుగెత్తుకొచ్చి చెప్పాక గాని నా తప్పు నాకు తెలియలేదు. ఆ గూడెంలో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. ఏటా పువ్వు రాలకముందే కింది ఆకులు ఊడ్చుకుంటారు. ఆ ఊడ్చిన నేలే రుజువు. అవ్వ భర్త పోయిన నాటి నుంచి ఆ చెట్టు తనదని ఆమె మరిది పేచీ పెడుతున్నాడు. ఎండబెట్టి సంతలో అమ్మే ఆ పువ్వుతోనే ఆమెకు వానాకాలం దాకా గడవాలి. పరాయి మనిషి ఏరినా ఊరుకుందంటే, చెట్టును వదులుకున్నట్టే.

నేను ఏరడం చూసిన మరిది అప్పటికే ఊరి పెద్దను వెంటబెట్టుకుని వచ్చాడు. "చూడన్నా, దారిన పోయేటోళ్లు ఏరుకుంటున్నరు. సొంత చెట్టంటే గిట్లుంటదా?"

"నేను అడక్కుండా ఏరాను. తప్పు నాది," అన్నాను.

అవ్వ నా బుట్టలోంచి రెండు దోసిళ్ల పువ్వు తీసి నా చున్నీలో పోసింది. "తెల్వక ఏరింది. అయినా నా చెట్టు కింద నడుము వంచింది. ఇది కూలి."

"వద్దవ్వా. తప్పు చేసి కూలి తీసుకుంటానా?"

"తీస్కోకుంటే నువ్ దొంగవైతవ్, చెట్టు నాది కాకుంట పోతది. జల్దీ పట్టు!"

పట్టుకున్నాను. పెద్ద నవ్వాడు. "ఇచ్చేటామె ఇచ్చింది, తీసుకునేటామె తీసుకుంది. ఇంక చెట్టెవరిదని అడుగుతవేందిరా?"

"ఒక్క బుట్టకు రెండు దోసిళ్లా? నేనేరితే ఎంతిస్తవ్ వదినా?" అన్నాడు మరిది, ఓటమిని నవ్వులో దాచుకుంటూ.

"ముందు నీ చెట్టు కింద ఊడ్చుకోపో!"

ఆమె హక్కును ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఆమె శ్రమ, ఇరుగుపొరుగు ఒప్పుదల కలిసి దాన్ని నిలిపాయి. పోటీలో అమ్ముకునే స్వేచ్ఛ కోసమే వాదించాను. కానీ చట్టం ముందుగా గుర్తించవలసింది అప్పటికే ఉన్న ఇలాంటి హక్కులనని చెప్పి మొదలుపెట్టాను.

గూడెంలో ఆ పేచీ జరిగిన మర్నాటి తెల్లవారుజామున మరిది అవ్వ చెట్టు వైపు రాకుండా వేరే దారిన వెళ్లిపోయాడు. అవ్వ స్నేహితురాలి ఇంటి గుమ్మం ముందు ఆగి, తన చెట్టు కింద పువ్వు ఏరే పనికి నన్ను పిలిచింది.