యతిరాజులు ఒలందా వెండి

వాషర్‌మెన్‌పేటలో కాపురముండే యతిరాజులు నాయుడికి ఉన్నది ఒకటే పిచ్చి, ఒలందా వెండి. ఆయన హార్బరులో గుమాస్తా. ఒలందావాళ్ళంటే ఒకప్పుడు పులికాట్‌లో కోట కట్టుకుని వ్యాపారం చేసిన డచ్చివాళ్ళు. ఆ వైపు పాత గోడలు పడగొట్టినప్పుడు బయటపడే వాళ్ళ నాణేలు కరిగించడానికి పట్నంలోని చూలై పేటకు వచ్చేవి. అక్కడి కంసాలి చిన్నసామి వాటిని మూసలో వెయ్యకముందే నాయుడికి కబురు పెట్టేవాడు. నాయుడు ఇంట్లోంచి వెండి గ్లాసో, కుంకుమ భరిణో పట్టుకెళ్ళి, దానికి సరితూగే నాణేలు తెచ్చుకునేవాడు. భార్య కనకవల్లి ఏనాడూ అడ్డు చెప్పలేదు. పిల్లల్లేని ఇంట్లో మనిషికి ఏదో ఒక ఆపేక్ష ఉండొద్దా అనుకునేది.

ఆ నాణేల మీద కత్తి దూసిన రౌతు ఉంటాడు. గుర్రం కాళ్ళ కింద చిన్న డాలు. డాలు మీది గుర్తును బట్టి అది వాళ్ళ దేశంలో ఏ రాష్ట్రం ముద్రించిందో తెలుస్తుంది. అలల్లోంచి పైకి లేచే సింహముంటే జీలాండ్‌ది. నాయుడు భూతద్దం పెట్టుకుని గంటలకొద్దీ వాటినే చూస్తూ కూర్చునేవాడు.

1954లో ఆయన కళ్ళకు నీటికాసులొచ్చాయి. చూపు అంచులనుంచి లోపలికి మసకబారుతూ వచ్చింది. ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. భూతద్దం అక్కరకు రాకుండా పోయాక నాణేలను బొటనవేలితో తడిమి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు.

"ఇది జీలాండ్‌ది కనకా. అలలు గరుకుగా తగలతా ఉండాయి చూడు."

ఆమెకు ఏ తేడా తెలిసేది కాదు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో ప్రాణముండేది.

మరుసటేడు ఆపరేషన్ చేసి చూద్దామన్నారు డాక్టర్లు. భర్త ఆసుపత్రిలో ఉండగా కనకవల్లి నాణేల పెట్టె తీసుకుని చూలై వెళ్ళింది.

"అన్నీ నల్లబడిపోయినాయి చిన్నసామీ. ఆయన కండ్లు తెరిచి చూస్తే మెరస్తా ఉండాల."

"అద్దం మాదిరి చేసిస్తానమ్మా," అన్నాడు చిన్నసామి. నాయుడి మీద ఉన్న అభిమానం కొద్దీ, ఒక్కొక్కదాన్నీ మెరుగుచక్రానికి పెట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దాడు.

ఆపరేషన్ ఫలించలేదు. కట్టు విప్పాక ఉన్న కాస్త వెలుగు కూడా పోయింది. ఇంటికొచ్చి కూర్చోగానే ఆయన పెట్టె అడిగాడు. ఒక నాణేన్ని తడిమాడు. పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. అట్లా చివరిదాకా వెళ్ళాడు.

"మెరుగు పెట్టించినాను. ఎట్లుండాయి?" అని అడిగింది కనకవల్లి.

"నున్నగా ఉండాయి," అన్నాడు.

ఆ తర్వాత ఆయన పెట్టె అడగలేదు. రోజులు గడిచేకొద్దీ తను చేసిందేమిటో ఆమెకు అర్థమైంది. ఒక మధ్యాహ్నం ఒక నాణెం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది.

"తప్పు చేసేసినాను. దీని మీద ఏముండెనో చెప్పండి. నేను గుర్తు పెట్టుకుంటాను."

"గుర్రం. దాని కింద డాలు. డాలు మీద..." ఆయన ఆగాడు. వేలితో మళ్ళీ మళ్ళీ రుద్దాడు. "సింహం ఒక్కటే ఉండెనా, అలలు గూడా ఉండెనా? గ్యాపకం రాలే కనకా. అన్నీ కలిసిపోతా ఉండాయి."

కాసేపటికి మెల్లగా అన్నాడు: "నీ మొగం గూడా అట్లనే పోతా ఉంది."

కనకవల్లి ఆయన చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. ఆ వేళ్ళు కాసేపు అక్కడే ఉండి, ఏమీ వెతక్కుండానే జారిపోయాయి.