ట్రాక్టర్ల తొవ్వ మూసిన నాడు

నిన్న కామారెడ్డి బస్టాండు దగ్గర చేపలమ్మే పిల్ల "వాగు పరకలు అవ్వా, తీస్కో" అని పిలిస్తే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పరకలంటే నాకు కూర కాదు, పగ గుర్తొస్తుంది. నా ఈడు వాళ్లు ఈ మాటకు నవ్వరనే ధైర్యంతో చెబుతున్నాను.

తెలంగాణ కోసం బందులు జరుగుతున్న ఏళ్లవి. ఎల్లారెడ్డి పక్కన వాగొడ్డునే మా ఊరు. తొలి వరద రాగానే పరకలు, జెల్లలు నీటికి ఎదురెక్కి మా చేను కింది గులకరాళ్ల పాయలో గుడ్లు పెట్టేవి, అవి గుడ్లు పెట్టి మళ్లేదాకా మా ఆయన వల ముట్టేవాడు కాదు. ఆ పాయలోకే మా బావ, అంటే మా ఆయన సొంత అన్న, ఇసుక ట్రాక్టర్లు దింపాడు. అడ్డం నిలబడిన తమ్ముణ్ని కూలీలందరి ముందు చెంప మీద కొట్టాడు. మా ఆయన వల చుట్టి అటకెక్కించి, మద్నూర్ వైపు పత్తి ఏరే కూలికి పోయాడు. ఆయన మరిచిపోయాడేమో గానీ, నేను మరవలేదు.

కొన్నాళ్లకు వాగును బాగుచేయడానికి మంజూరు వచ్చింది, అదీ ఒక్క చోటికే సరిపోతుందన్నారు. ఏ చోటు ముందన్నది గ్రామసభలో తేలాలి. రోడ్డు వంతెన దగ్గరైతే నలుగురికీ కనబడుతుందని పెద్దల మాట. మహిళా సంఘం పెద్దగా నేను సభకు ముందే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను కూడగట్టాను. కామారెడ్డి నుంచి వచ్చిన చేపల శాఖ సారు కూడా గుడ్లు పెట్టే పాయే ముందన్నాడు. ఆయనకు చేపల కోసం, నాకు బావ మీది పగ కోసం. చేతులెత్తమంటే ఆడవాళ్ల చేతులే ఎక్కువ లేచాయి.

ట్రాక్టర్లు దిగే తొవ్వకు అడ్డంగా బండరాళ్లు పేర్చి, గట్టు మీద కానుగ మొక్కలు నాటుతుంటే బావ వచ్చాడు.

"నా బతుకు మీద రాళ్లేస్తున్నవమ్మా," అన్నాడు.

"అవును బావా," అన్నాను. "ఇంకో రెండు బండ్ల రాళ్లు వస్తున్నయి."

ఆ ఏడే ఆయన ట్రాక్టరు అమ్ముకుంటే నేను ఇంట్లో భక్ష్యాలు చేశాను. మరుసటి వానాకాలం పరకలు గుంపులుగా ఎదురెక్కాయి, అవి గుడ్లు పెట్టి మళ్లాక మా ఆయన కూలి మాని అటక మీది వల దించాడు. బావ గట్టున కూర్చొని చూసేవాడు. వాళ్లింటికి ఒక్క చేప కూడా పంపలేదు నేను.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. వాగులోకి మళ్లీ ఎవరివో ట్రాక్టర్లు దిగుతున్నాయి. ఊరి పిల్లలు సెల్లులో ఫొటో తీసి, ఎవరికో పంపి, ఇంటికి పోతున్నారు. మంచి పిల్లలే, ఎవరి మీదా కోపం పెట్టుకోరు. వాగును చెరిచిన వాడి మీది పగను ఏళ్లకేళ్లు కడుపులో దాచుకునే మనుషులు మా తరంతోనే అయిపోతారేమోనని దిగులు.